ఐదో లైను

కాలేజీలో అతన్ని అందరూ రీస్టార్టు సారు అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళుగా అక్కడి కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్న మనిషి. ఎవరొచ్చి ఏ రోగం చెప్పుకున్నా తలెత్తకుండానే "ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి" అనేవాడు. పదిలో ఎనిమిదిసార్లు ఆ వైద్యమే పనిచేసేది. మిగతా రెండుసార్లూ మళ్ళీ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమనేవాడు. వెనకాల పెట్టుకున్న పేరే అయినా అది అతని చెవిన పడకపోలేదు. లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది. ఏ విద్యా లేకుండా ఎవరికీ పేరు రాదు కదా.

అలాంటి మనిషి శనివారం పొద్దున్న భార్యను పనిగదిలోంచి బయటికి పంపిస్తూ, "రెండు గంటల పని. నువ్వు హాల్లో కూర్చో, నేను చూసుకుంటా" అన్నాడు.

ఆవిడ వెళ్ళి కూర్చుంది. ఆవిడకి ఇది అలవాటే. ఆ ఇంట్లో స్క్రూడ్రైవరు డబ్బాలోంచి బయటికొస్తే ఆవిడ గదిలోంచి బయటికి రావాలి. పెళ్ళయిన కొత్తలో కుదిరిన ఒప్పందం అది, ఇద్దరిలో ఎవరూ దాన్ని మళ్ళీ తిరగేసి చూడలేదు.

గదిలో ఉన్న కంప్యూటరు నిజానికి ఆవిడదే. ఆస్పత్రి డాక్టర్లు రోగుల్ని చూశాక, ఏం చూశారో ఏం మందిచ్చారో నోటితో చెప్పి రికార్డు చేసి పంపుతారు. అది విని, పొల్లు పోకుండా టైపు చేసి తిరిగి పంపడం ఆవిడ ఉద్యోగం. చెవులకి హెడ్‌సెట్, కాలికింద పెడలు. తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూస్తాడు. మొగుళ్ళక్కూడా ఇలాంటిదొకటి ఎవరైనా కనిపెడితే బాగుండునని ఆవిడ ఇరవై రెండేళ్ళుగా అంటూనే ఉంది. సగం మాట మింగేసే ఎముకల డాక్టరు, జలుబు వదలని చెవుల డాక్టరు, పరిగెడుతూ చెప్పే పిల్లల డాక్టరు, ఎవరు ఏం గొణిగినా ఆవిడ చెవి వదిలేది కాదు.

చెవులు బాగానే ఉన్నాయి. కళ్ళే మొరాయించాయి. ఏడాదిన్నర కిందట మొదలైంది. ఎక్కడ సూటిగా చూస్తే అక్కడే మసక. పక్కనున్న గోడా కిటికీ కనబడతాయి కానీ, ఎదురుగా ఉన్న మాటే కనబడదు. అక్షరం పిడికెడంత ఉంటే మాత్రం చదవగలదు. కిందటి నెల ఒక డాక్టరు సున్నా పాయింట్ ఐదు మిల్లీగ్రాములు అన్నాడు. ఆవిడ సరిగ్గానే విన్నది, కానీ ఆ చుక్క తెరమీద పడిందో లేదో కనబడలేదు. ఐదు మిల్లీగ్రాములని వెళ్ళింది. మందిచ్చే ముందు ఒక నర్సు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆస్పత్రి వాళ్ళు మర్యాదగానే రాశారు. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా మూడు రిపోర్టులు ఒక్క తప్పు కూడా లేకుండా పంపితే పని ఆవిడదే, లేకపోతే ఇంకెవరికైనా ఇచ్చేస్తామన్నారు.

అందుకే ఈ హడావుడంతా. రీస్టార్టు సారు గోడకి సగం వచ్చే పెద్ద తెర కొన్నాడు. పాత కార్డు అంత తెరని మోయలేదని కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాడు. రెండూ అమ్మింది సొంత బావమరిదే, అంటే ఆవిడ తమ్ముడే. కంప్యూటర్ సామాన్ల షాపు అతనిది. పొద్దున్న వ్యానులో తెర దింపి, "బావా, పాత కార్డు ఇచ్చెయ్. ఎవరో అడుగుతున్నారు" అన్నాడు. మన సారు చక్కగా పీకి చేతిలో పెట్టాడు. కొత్తది పనిచేస్తుందో లేదో చూడనైనా చూడలేదు. ల్యాబులో పిల్లలెవరైనా ఈ పని చేసుంటే చెవి మెలిపెట్టి ఉండేవాడు.

కొత్త కార్డు ఇటుకరాయంత ఉంది. కంప్యూటరు డబ్బాలో పట్టడానికి రెండు తీగలు పక్కకి జరగాలి, ఒక రేకు వంగాలి. రేకు వంగింది, బొటనవేలు తెగింది. వేలు నోట్లో పెట్టుకునే స్విచ్చి నొక్కాడు. తెర వెలిగింది. అతను చిన్నగా ఈల కూడా వేశాడు.

ఈల సగంలో ఆగిపోయింది. తెరనిండా అక్షరాలున్నాయి కానీ, తేనెటీగలు కుట్టిన మొహాల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. నాలుగు బొమ్మలు పడితే ఐదోదానికి చోటు లేదు. బాణం గుర్తుని కదిపితే ఒక క్షణం ఆలోచించుకుని అప్పుడు కదులుతోంది.

ఈల విని ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "పెద్దగానే ఉన్నాయి కదండీ?"

"పెద్దవి కావు, వాచినవి" అన్నాడతను. "నువ్వు కూర్చోవోయ్."

సంగతి పది నిమిషాల్లో తేలింది. లోపలున్న సిస్టం పన్నెండేళ్ళనాటిది. కార్డు నిన్నగాక మొన్న పుట్టింది. దాని భాష దీనికి రాదు, దీని మొహం అదెప్పుడూ చూడలేదు. మధ్యలో తర్జుమా చేసే డ్రైవరేదో ఉండాలి. కార్డు చేసినవాళ్ళు ఇంత పాత సిస్టంకి డ్రైవరు రాయడం ఎప్పుడో మానేశారు. బావమరిదికి ఫోను చేశాడు.

"కొత్త సిస్టం వేసెయ్ బావా. అదే మందు."

"ఆ పాత కార్డు ఇటు పంపు. ప్రస్తుతానికి దాంతోనే కానిస్తా."

"అది ఇందాకే వేరేవాళ్ళ మిషన్లోకి వెళ్ళిపోయింది బావా. పోనీ, నా మిషనొకటి ఖాళీగానే ఉంది, పంపించనా? అక్క సోమవారం పని దాంట్లో చేసుకుంటుంది. రేపు నేను ఊళ్ళో ఉండను, షాపు కూడా తియ్యను. ఏ సంగతీ ఇప్పుడే చెప్పు."

బంగారంలాంటి మాట. ఎవరైనా సరేననేవారు. కానీ ఆ ముందు వారమే ఈ బావమరిది పదిమందిలో "మా బావకి రీస్టార్టు తప్ప ఇంకోటి రాదు" అని నవ్వించి ఉన్నాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లో గుయ్యిమంటోంది.

"అక్కర్లేదు" అన్నాడు రీస్టార్టు సారు. "నువ్వు పుస్తకాల సంచి మోసే రోజులనించీ నేను ఈ పనే చేస్తున్నా."

హాల్లోకి వచ్చి భార్యకి మాత్రం, "కొత్త సిస్టం వేస్తున్నా. తమ్ముడు కూడా ఇదే చెయ్యమన్నాడు" అని చెప్పాడు. రెండో సగం మింగేశాడు.

ఇక్కడ అతని పద్ధతి ఒకటి చెప్పాలి, కొంప ముంచింది అదే కాబట్టి. పాతది పూర్తిగా తుడిచాకే కొత్తది వెయ్యాలి. పాతదాని మీద కొత్తది వేసినా, పక్కన పెట్టి వేసినా అతను ఒప్పుకోడు. డిస్కు బయటికి తీసి, ల్యాబుకి పట్టుకెళ్ళి, అక్కడి మిషనుకి తగిలించి, అద్దంలా తుడిచి ఇంటికి తెస్తాడు. అక్కడే కొత్త సిస్టం కూడా వేసుకు రావచ్చు కదా అంటారా, దానికీ ఒక సూత్రం ఉంది. సిస్టం ఏ డబ్బాలో బతకాలో ఆ డబ్బాలోనే పుట్టాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. భార్య ఫైళ్ళన్నీ జాగ్రత్తగా వేరే పెట్టాడు, అందులో వంక పెట్టడానికి లేదు. తర్వాత శనివారం మధ్యాహ్నం ల్యాబుకి వెళ్ళి డిస్కు తుడిచాడు, కొత్త సిస్టం ఉన్న పెన్‌డ్రైవు తయారుచేసుకున్నాడు, ల్యాబుకి తాళం వేసి తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చాడు. సోమవారం దాకా ఆ తలుపు తెరవరు.

ఇంటికొచ్చి పెన్‌డ్రైవు పెట్టి ఆన్ చేశాడు. బీప్ అని ఒక కూత, దాని వెనకే మెనూ. ఏ రకంగా ఇన్‌స్టాల్ చేసుకుంటావని ఐదు లైన్లు. అతను మొదటిదాని మీద ఎంటర్ కొట్టాడు.

తెర నల్లబడింది.

ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. డబ్బాలో ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, లోపల ఏదో జరుగుతోంది. తెర మాత్రం నల్లగా, నున్నగా, అతని మొహాన్నే అతనికి చూపిస్తోంది. ఆపి ఆన్ చేశాడు. బీప్, మెనూ, ఎంటర్, నలుపు. రెండో లైను నొక్కాడు. బీప్, మెనూ, ఎంటర్, నలుపు. పెద్ద తెర పీకి పాత చిన్న తెర తగిలించాడు, అదీ నల్లబడింది. తీగ మార్చాడు. తీగ మార్చి మళ్ళీ పాత తీగే పెట్టాడు. ఫోనులో వెతికితే దొరికిన, ఎవరో మహానుభావుడు రాసిన మంత్రాన్ని మెనూ చివర అక్షరం అక్షరం కూడబలుక్కుని టైపు చేశాడు. కింద నలభై మంది "మాకు పనిచేసింది, ధన్యవాదాలు" అని రాశారు. ఆ నలభై మందిలో ఒక్కడు ఎదురుగా ఉంటే వాడి గొంతు పిసికేసేవాడు.

ఆదివారం పొద్దున్న పళ్ళు తోముకోకుండానే వెళ్ళి కూర్చున్నాడు. నిద్రపోయి లేస్తే మిషను మనసు మార్చుకుంటుందని ఆశ కాబోలు. మార్చుకోలేదు. పది గంటలకి కార్డు పీకి, ఊది, మళ్ళీ పెట్టాడు. పదకొండుకి ఫ్యాను మీద దుమ్ము తుడిచాడు. పన్నెండుకి డబ్బా మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు. ఆ డబ్బాకి కార్డు లేకుండా సొంతంగా బొమ్మ చూపించే శక్తి లేదు, ఉన్న కార్డేమో చూపించనంటోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిన్న పొద్దున్న చక్కగా నడుస్తున్న మిషను. తెర చిన్నదైనా, అక్షరాలు చాలకపోయినా నడిచిందది. దాన్ని తన చేతులతోనే తుడిచి వచ్చాడు.

హాల్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. "భోజనం చల్లారిపోతోందండీ."

"వస్తున్నా."

"ఇందాకా అదే అన్నారు."

"ఇప్పుడూ అదే అంటున్నా."

కాసేపటికి ఆవిడే గుమ్మం దగ్గరికొచ్చింది. "ఏమైంది అసలు?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే నిన్నటినించీ ఎవర్ని తిడుతున్నారు?"

"నిన్ను కాదులే. పోయి కూర్చోవోయ్, నీకర్థం కాదు" అని అరిచాడు. ఆ ఇంట్లో అంత గట్టిగా అతను అరిచి చాలా ఏళ్ళయింది. అరిచాక ఆ అరుపు తనకే వినబడింది. ఆవిడ కదల్లేదు. తలుపుకి భుజం ఆనించి, అతని మొహానికి కొంచెం పక్కగా చూస్తూ నిలబడింది. సూటిగా చూస్తే అతను కనబడడు కాబట్టి ఈ మధ్య అలాగే చూస్తోంది. ఆ చూపంటే అతనికి భయం. ఆ భయాన్ని కోపంగా మార్చుకోవడం నేర్చుకుని ఏడాదిన్నరయింది.

"తమ్ముణ్ణి ఇంకో మిషను అడిగితే?" అంది.

అతను బిగించి ఉన్న తీగనే మళ్ళీ బిగించాడు.

"అడిగారా?"

"వాడే ఇస్తానన్నాడు." మాట పీక్కుని పీక్కుని వచ్చింది. "నిన్న. నేనే వద్దన్నాను."

ఆవిడ తల మాత్రం ఊపింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. రేపు తొమ్మిది గంటలు. ఇరవై రెండేళ్ళ పని. ఆవిడ కళ్ళు దాన్ని సగం తీసుకెళ్ళాయి, మిగిలిన సగాన్ని తను పౌరుషానికి పోయి తుడిచి పెట్టాడు. కాళ్ళ దగ్గర పెడలు ఉంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

ఆవిడ వచ్చి పక్కనున్న కుర్చీలో కూర్చుంది. "మొదటినించీ చెయ్యండి. నేను వింటాను."

"వినడానికేముంది ఇందులో."

"చెయ్యండి."

ఆపి ఆన్ చేశాడు. బీప్ అంది. "మెనూ వచ్చింది" అన్నాడు నీరసంగా.

"అందులో ఏమేం ఉన్నాయో చదవండి."

"ఏముంటాయి. బొమ్మలతో ఇన్‌స్టాల్." కిందికి బాణం నొక్కాడు. "మామూలు ఇన్‌స్టాల్." మళ్ళీ నొక్కాడు. "తెలిసినవాళ్ళకి ప్రత్యేకం." నొక్కాడు. "పాడైనదాన్ని బాగుచెయ్యడం." నొక్కాడు. "అంతే. అన్నీ నల్లగానే పోతున్నాయి."

ఆవిడ తల ఒక పక్కకి వంచింది. డాక్టరు మింగేసిన మాట కోసం రికార్డు వెనక్కి తిప్పుతున్నప్పుడు అలాగే వంచుతుంది.

"మొదటిది నొక్కకుండా చదివారు. తర్వాత నాలుగుసార్లు నొక్కిన చప్పుడైంది. అంటే ఐదు లైన్లుండాలి. మీరు నాలుగే చదివారు. ఐదోదేంటి?"

అతని చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"అది మనకి కాదులే."

"మరి ఎవరికి?"

ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. నిన్నటినించీ ముప్పైసార్లకి పైనే ఆ మెనూ చూసుంటాడు. ముప్పైసార్లూ అతని కళ్ళు నాలుగో లైను దగ్గర ఆగి, కింద ఏమీ లేనట్టు పైకి తిరిగాయి. చూడలేదని కాదు. మొదటిసారే చదివాడు.

"మాట్లాడుతూ ఇన్‌స్టాల్" అన్నాడు చివరికి. "తెరమీద వచ్చేదంతా పైకి చదువుతుంది. కళ్ళు... కనబడనివాళ్ళ కోసం."

"ఓహో" అంది ఆవిడ. కోపం లేదు, బాధ ఉన్నట్టు కూడా లేదు. "ఆ ఎంటర్ కొట్టాక తెర నల్లబడిపోతుంది కదా. అప్పుడు మీకేమైనా కనబడుతుందా?"

"కనబడదు."

"నాకూ కనబడదు. అయితే అది మనిద్దరికే. నొక్కండి."

అతను నొక్కలేకపోయాడు. వేలు ఎంటర్ మీద ఉంది, దిగడం లేదు. ఆ ఒక్క మీట నొక్కితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని అతని బాధ. ఏడాదిన్నరగా మందమైన కళ్ళద్దాలు తెచ్చాడు, ఎక్కువ వెలుగు బల్బులు తెచ్చాడు, పిడి ఉన్న భూతద్దం తెచ్చాడు, ఇప్పుడు గోడంత తెర తెచ్చాడు. కళ్ళ డాక్టరు చెప్పిన మాటొక్కటే ఇంటికి తేలేదు. వినే పద్ధతులు ఇప్పటినించే అలవాటు చెయ్యండి, చూపు ఇంకాస్త తగ్గాక నేర్చుకోవడం కష్టం అన్నాడాయన, అతన్ని పక్కకి పిలిచి. ఆ మాట అక్కడే వదిలేసి వచ్చాడు.

"ఆ రోజు డాక్టరు మీతో చెప్పింది నాకు వినబడింది" అంది ఆవిడ, అతని తలలోకి తొంగిచూసినట్టు. "తలుపు వేసే ఉంది. అయినా వినబడింది. మీరు చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు. సరే, మీకూ కష్టంగానే ఉందేమోలే అనుకున్నాను. నొక్కండి ఇక. నాకు రేపు పనుంది."

అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఆవిడకి కనబడవు కదా అని తుడుచుకోలేదు. ముక్కు ఎగబీల్చాడు, అది మాత్రం వినబడే ఉంటుంది. ఎంటర్ కొట్టాడు.

తెర ఎప్పటిలాగే నల్లబడింది. బల్లమీదున్న చిన్న స్పీకరులోంచి మాత్రం, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడిస్తున్నట్టు ఒక గొంతు మొదలైంది. ఇంగ్లీషేనట. ఊపిరి తీసుకోవడం లేదు, ఎక్కడా ఆగడం లేదు. రీస్టార్టు సారుకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఏమంటోంది?"

"ఉండండి." ఆవిడ కాలు అలవాటుకొద్దీ పెడలు తొక్కింది. గొంతు ఆగలేదు. "దీనికి పెడలు లేదు కాబోలు. భాష అడుగుతోంది. నంబరు కొట్టమంటోంది." అతన్ని జరగమని, కీబోర్డు తనవైపు లాక్కుంది. "మా ఎముకల డాక్టరు కంటే ఇదే నయం. కనీసం చూయింగ్ గమ్ నమలడం లేదు."

ఆ తర్వాత రెండు గంటలూ ఆ గదిలో జరిగింది ఎవరైనా బయటినించి చూస్తే పిచ్చి పట్టిందనుకునేవాళ్ళు. గోడలో సగమున్న నల్లటి తెర. దాని ముందు ఇద్దరు మనుషులు, ఒక స్పీకరుకి చెరోపక్కా చెవులు ఆనించి. గొంతు గబగబా ఏదో వాగుతుంది, ఆవిడ చెబుతుంది, అతను ఆలోచించి జవాబిస్తాడు, ఆవిడ కొడుతుంది.

"డిస్కు మొత్తం వాడనా, భాగాలు చెయ్యనా అంటోంది."

"మొత్తం."

"ఉన్నదంతా పోతుంది, సరేనా అంటోంది."

"పోవడానికేముంది, నిన్ననే పోగొట్టాను. సరేనను."

"మిషను వాడే మనిషి పేరంటోంది."

పాత సిస్టంలో అతని పేరే ఉండేది. పన్నెండేళ్ళుగా ఆవిడ రోజూ పొద్దున్నే మొగుడి పేరు కొట్టి లోపలికి వెళ్ళేది. అతను నోరు తెరిచేలోపే ఆవిడ వేళ్ళు తన పేరు కొట్టేశాయి.

"పాస్‌వర్డంటోంది." అదీ కొట్టింది. చప్పుడు విని లెక్కపెట్టడానికి చూశాడు కానీ అతని చెవులు ఆ చెవులు కావు.

"ఏం పెట్టావోయ్?"

"ఎవరికీ చెప్పకూడదని మీరే చెప్పేవారు కదా."

మధ్యలో ఒకచోట ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఎనిమిదో నంబరని ఆవిడంది, ఎనిమిదై ఉండదు, మొదటిదై ఉంటుందని అతనన్నాడు. వింటున్నది నేనా మీరా అని ఆవిడ అడిగింది. అతను తగ్గాడు. ఎనిమిదే సరి. ఆకలి సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. చల్లారిన భోజనం ఇంకా చల్లారిపోయింది.

చివర్లో ఇన్‌స్టాల్ అయిపోయిందని, పెన్‌డ్రైవు తీసెయ్యమని గొంతు చెప్పింది. మిషను తనంతట తనే ఆగి ఆన్ అయింది. ఈసారీ తెర నల్లగానే ఉంది. గొంతు మాత్రం ఉంది. ఇప్పుడు అతని విద్య పనికొచ్చింది. ఈ కార్డు బొమ్మ చూపించాలంటే కొత్త సిస్టంలో ఏ డ్రైవరు ఫైలు వెయ్యాలో, అది నెట్‌లోంచి ఎలా రప్పించాలో అతనికి కంఠతా వచ్చు. రెండ్రోజులుగా ఆ ముక్క వేసే చోటు దొరక్కే చచ్చాడు. అక్షరం అక్షరం చెప్పాడు. చుక్క అన్నచోట చుక్క, గీత అన్నచోట గీత, ఆవిడ కొట్టింది. గొంతు తిరిగి అప్పజెప్పింది, ఆవిడ సరిచూసుకుంది. ఒక చుక్క ఎక్కువ పడిందని గొంతును బట్టి ఆవిడే పట్టుకుని చెరిపింది.

"ఇప్పుడు?" అంది.

"ఇప్పుడు రీస్టార్టు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి మొట్టమొదటిసారి సిగ్గేసింది.

బీప్. తెర వెలిగింది. గోడలో సగం నీలంగా మెరిసి, మధ్యలో ఆవిడ పేరు, ఒక్కో అక్షరం పిడికెడంత, అంచులు కత్తితో కోసినట్టు. ఎక్కడా వాపు లేదు. ఆవిడ కొంచెం పక్కకి తిరిగి, కూడబలుక్కుని తన పేరు తనే చదువుకుంది. కిటికీలో ఇంకా ఎండ ఉంది.

సంబరం కాస్త తగ్గాక అతను అలవాటుగా సర్దుడు పనిలో పడ్డాడు. తీగలు కట్టాడు, రేకు బిగించాడు. "ఇంక ఆ గులకరాళ్ళ గొంతు తీసేస్తానోయ్. తెర వచ్చేసింది కదా."

"ఉంచండి."

"ఎందుకు? రోతగా ఉంది వినడానికి."

"తెర ఉన్నన్నాళ్ళు తెర. ఆ తర్వాత ఇదే కదా." మామూలుగా, రేపటి కూర సంగతి మాట్లాడినట్టు అంది. "అప్పుడు నేర్చుకుందాం అనుకుంటే మీరు మళ్ళీ నన్ను హాల్లో కూర్చోబెట్టి గంటలు గంటలు తిట్టుకుంటారు. ఇప్పుడే మొదలుపెడతాను."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. నీకేం కాదు, అంతదాకా రాదు అందామనుకున్నాడు. ఏడాదిన్నరగా అంటున్న మాటే అది. ఈసారి నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. "సరే" అన్నాడు. గొంతు వేగం ఎక్కడ తగ్గించాలో చూపించబోయాడు. తగ్గించొద్దంది ఆవిడ.

సోమవారం ఏడింటికి ఆవిడ కుర్చీలో కూర్చుంది. అతను స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు, ఏదైనా ఆగితే చూసుకోవడానికి. ఆవిడ హెడ్‌సెట్ తగిలించుకుని పెడలు తొక్కింది. అతను స్టూలు మీద కదిలాడు. దగ్గాడు. తెరమీద ఒక మాట కింద వేలు పెట్టి, "ఇది సరిగ్గా పడిందా?" అని అడిగాడు. ఆవిడ హెడ్‌సెట్ మెడలోకి దించుకుంది.

"మీరు కాసేపు హాల్లో కూర్చోండి" అంది. "నేను చూసుకుంటాను."

అతను లేచాడు. హాల్లో, ఆవిడ రెండ్రోజులు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. అక్కణ్ణించి గదిలో తెర కనబడదు, సగం మూసిన తలుపే కనబడుతుంది. కళ్ళకి పనిలేకపోయేసరికి చప్పుళ్ళు విడివిడిగా వినబడడం మొదలుపెట్టాయి. పెడలు నొక్కిన టక్కు, వదిలిన టక్కు. మీటల వాన. వెనక్కి చెరిపే మీట చప్పుడు వేరు. తర్వాత హెడ్‌సెట్ బల్లమీద పెట్టిన చప్పుడు, ఆ వెనక గులకరాళ్ళ గొంతు. రాసిందంతా ఆవిడకి తిరిగి చదివి వినిపిస్తోంది. ఒకచోట గొంతు ఆగింది, ఒకే ఒక్క మీట పడింది, గొంతు మళ్ళీ మొదలైంది. ఒక్క మీటంటే చుక్కే అయ్యుంటుంది అనుకున్నాడు.

ఎనిమిదీ యాభైకి గదిలో అన్ని చప్పుళ్ళూ ఆగిపోయాయి. లేచి వెళ్ళి అడుగుదామనుకుని, మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎంటర్ మీట పడింది. గొంతు రెండే రెండు మాటలంది. ఆ మిషను ఏమందో అతనికి మొదటిసారి అర్థమైంది. మెయిలు వెళ్ళిపోయింది, మూడు రిపోర్టులూ వెళ్ళిపోయాయి.